గొంతు తగ్గించమన్నారు

1978లో లండన్‌లో ఒక పిల్ల గొంతు చించుకుని పాడితే, దాని గురించి దళితుల స్వీయకథనాల పుస్తకంలో రాయడమెందుకని అడిగేవాళ్ళుంటారు. ఇప్పటికే ఇద్దరు అడిగారు. కారంచేడు గురించి రాయి, హాస్టలు గురించి రాయి, నర్సు ఉద్యోగంలో పడ్డ అవమానాలు రాయి అన్నారు. అవి రాశాను. ఇంకా రాస్తాను. కానీ నా గొంతు ఏమైపోయిందో నాకు అర్థమయింది ఆ పిల్ల పాట విన్నాకే. అందుకని ఇది.

ఆ బృందం పేరు ఎక్స్-రే స్పెక్స్. 1976లో పుట్టింది, 1979లో ఆగిపోయింది. ఒక ఆల్బం, అయిదు చిన్న రికార్డులు. అంతే. వాళ్ళది పంక్ సంగీతం. పంక్ అంటే మన విద్యార్థులకు ఇట్లా చెప్తాను: సంగీతం నేర్చుకున్నాక స్టేజీ ఎక్కాలని కాదు, స్టేజీ ఎక్కి చెప్పాల్సింది ఉంటే సంగీతం దానంతటదే వస్తుందని నమ్మిన పిల్లల గోల. అందరూ కూలోళ్ళ పిల్లలే అని చెప్పను. ఆర్ట్ కాలేజీల్లో చదివినవాళ్ళూ ఉన్నారు. కానీ బడి మానేసినవాళ్ళకీ, పని దొరకని వాళ్ళకీ అందులో చోటు దొరికింది. పెద్ద కంపెనీలు తీసుకోకపోతే సొంతంగా రికార్డులు వేసుకున్నారు. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బృందం 500 పౌండ్లు అప్పుజేసి 1977 జనవరిలో సొంత రికార్డు తెచ్చింది. మొదట వెయ్యి కాపీలు. మనవాళ్ళు కవితల పుస్తకం అప్పుజేసి అచ్చేసుకుని సంచిలో పెట్టుకుని సభలకు తిరిగేవాళ్ళు చూడండి, అదే పని. ఇవాళ ఇండీ సంగీతం అని గొప్పగా చెప్పుకునేదానికి మొదలు అక్కడే. ఎక్స్-రే స్పెక్స్ రికార్డులు మాత్రం మొదటిది వర్జిన్ కంపెనీ, తర్వాతవి ఈఎంఐ వేశాయి. అయినా వాళ్ళు పుట్టింది ఆ గుంపులోనే.

పాడే పిల్ల అసలు పేరు మారియన్ జోన్ ఇలియట్-సయీద్. 1957 జులై 3న పుట్టింది. తండ్రి సోమాలియా దేశం ఆయన. తల్లి తెల్లామె, బ్రిటన్ మనిషి. పిల్లల్ని తల్లే పెంచింది, లండన్‌లో బ్రిక్స్‌టన్ అనే పేటలో. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. పదిహేనేళ్ళకే ఇల్లు విడిచి ఊళ్ళు తిరిగింది. 1976లో సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజున హేస్టింగ్స్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో సెక్స్ పిస్టల్స్ ప్రదర్శన చూసింది. నేనూ పాడగలను అనుకుంది. సంగీత పత్రికలో ప్రకటన ఇచ్చి మనుషుల్ని పోగేసుకుంది. శాక్సోఫోన్ ఊదడానికి వచ్చింది ఇంకా బడిపిల్ల.

పేరు కోసం టెలిఫోన్ డైరెక్టరీ పసుప్పచ్చ పేజీలు తిరగేసి 'పాలీ స్టైరీన్' అని పెట్టుకుంది. పాలీస్టైరీన్ అంటే మనకు తెలిసిందే, థర్మోకోల్. టీవీ అట్టపెట్టెలో అడ్డం పెట్టే తెల్ల దిమ్మ. పెట్టె విప్పాక పారేసేది. ఆ పేరు విన్నప్పుడు నాకు మా పల్లె గుర్తొచ్చింది. మా పల్లెలో మా జేజి పేరు పెంటమ్మ. పుట్టిన బిడ్డలు చచ్చిపోతుంటే పెంటదిబ్బ మీద పొర్లించి ఆ పేరు పెట్టారని చెప్పేది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆ పేరు ఇంకో రకంగా పిలిచేవాళ్ళు, నోటినిండా, నవ్వుకుంటా. మా పేర్లు మేము పెట్టుకున్నవి కావు. ఈ పిల్ల చెత్తకు వేసే వస్తువు పేరు తనే ఏరుకుని, తనే నెత్తిన పెట్టుకుంది. ఇంకెవరూ పెట్టడానికి మిగల్చలేదు.

నేను దీన్ని ఎక్కడ విన్నానో చెప్పాలి.

2004లో నేను లండన్ దక్షిణాన ఒక ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నాను. ఇండియాలో తొమ్మిదేళ్ళు నర్సుగా చేసినా, అప్పట్లో అక్కడ రిజిస్ట్రేషన్ కావాలంటే ముందు కొన్ని నెలలు వాళ్ళ పర్యవేక్షణలో పనిచెయ్యాల్సి వచ్చేది. అడాప్టేషన్ అనేవాళ్ళు. పేరుకు నర్సు, చేసేదంతా ఆయా పని. మంచానికి అతుక్కున్న మనుషుల్ని పొర్లించడం, తుడవడం. తుడవడం నాకు అవమానం కాదు, ఎవరో ఒకరు తుడవాల్సిందే. నాకు అవమానం ఇంకోచోట జరిగేది. మాతో వచ్చిన తెలుగు నర్సులు కొందరు మొదటి వారంలోనే ఇంటిపేరు అడిగారు. చర్చికి పోతానంటే, 'ఓహో, మీరు ఆ క్రిస్టియన్సా' అన్నారు. ఆ తర్వాత వంట విడిగా అయింది. థేమ్స్ నది దాటినా మా ఊరి చెరువు గట్టు దాటలేదు.

నాకు రాత్రి డ్యూటీలో తోడు జమైకా మనుషులకు పుట్టిన ఒకామె. నాకంటే పెద్దది, బ్రిక్స్‌టన్‌లో పెరిగింది. ఆ అక్టోబరులో ఒకరోజు ఆమె డ్యూటీకి కళ్ళు ఉబ్బి వచ్చింది. చుట్టం పోయాడేమో అనుకున్నాను. రేడియో మనిషి పోయాడంది. జాన్ పీల్. 1967లో బీబీసీ రేడియో 1 మొదలైనప్పట్నుంచీ అందులో ఉన్నాడు. అక్టోబరు 25న పెరూ దేశంలో కుస్కో ఊళ్ళో గుండె ఆగి చనిపోయాడు. రేడియో మనిషి కోసం ఏడవడమేంటని నాకు ఆశ్చర్యం. మనకు రేడియో మనిషంటే వార్తలు చదివే గొంతు, పంటల ధరలు చెప్పే గొంతు.

మర్నాడు రాత్రి ఆమె ఒక పాత క్యాసెట్ తెచ్చింది. తను ఇస్కూల్లో చదివేటప్పుడు రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన పాటలు. రాత్రి పది నుంచి పన్నెండు దాకా ఆయన ప్రోగ్రాం వచ్చేదట. అమ్మకు వినపడకుండా దుప్పటి కింద పెట్టుకునేదట. ముసలివాళ్ళు నిద్రపోయాక స్టాఫు రూములో ఆ క్యాసెట్ పెట్టింది.

ముందు నాకు గోలగా అనిపించింది. తర్వాత ఆ గొంతు వచ్చింది. పాట కాదది, కేక. శ్రుతికి లొంగదు. వాయిద్యాల మీదుగా ఎగిరి అవతల పడుతుంది. పక్కన శాక్సోఫోన్ పెళ్ళి సన్నాయి పిచ్చెక్కినట్టు మోగుతోంది. నేను కుర్చీలోంచి లేచాను. ఆ గొంతు నాకు తెలుసు. నాట్లలో మా అమ్మ గొంతు అది. అర మైలు దూరంలో గట్టు మీదున్న మనిషికి వినపడాలని పాడే గొంతు. ఒంగిన నడుం మీద నుంచి, రొమ్ములోంచి వచ్చే గొంతు. మైకు ఎరగని మనుషుల గొంతు అట్లాగే ఉంటుంది.

ఆ క్యాసెట్లో ఉన్న పాటల్లో ఒకదాని పేరు 'ఐడెంటిటీ'. ఆ మాట విని నవ్వొచ్చింది. తొంభైల్లో మేము సభల్లో, హాస్టలు గదుల్లో 'అస్తిత్వం' మాట పట్టుకుని ఎన్ని రాత్రులు కొట్లాడుకున్నామో. ఈ పిల్ల 1978లోనే దాన్ని పేరుగా పెట్టి మూడు నిమిషాల కంటే తక్కువలో కేక పెట్టి దిగిపోయింది. వాళ్ళ మొదటి రికార్డు 1977లో వచ్చిన 'ఓ బాండేజ్ అప్ యువర్స్'. బాండేజ్ అంటే మన మాటలో దాస్యం, వెట్టి. పాట ముందు చిన్నపిల్లలా ముద్దుగా నాలుగు ముక్కలు మాట్లాడి, ఒక్కసారి కేకలోకి పోతుంది. అది ఆడదాని దాస్యం గురించా, బజారు సరుకుల దాస్యం గురించా అని పండితులు ఇప్పటికీ రాస్తుంటారు. మా తోడు నర్సమ్మ మాత్రం, 'నాకప్పుడు పదిహేను. నా మీద ఎవరెవరు ఎక్కి కూర్చున్నారో వాళ్ళందరికీ అనుకున్నా' అంది.

పళ్ళకు కట్టిన తీగ దాచుకోకుండా ఆ పిల్ల టీవీలో నోరంతా తెరిచి పాడింది. 1978లో మూడు పాటలు బ్రిటన్ మొదటి ముప్పైలోకి వెళ్ళాయి. పెద్ద విజయమే. కానీ నన్ను పట్టుకున్నది రేడియో సంగతి.

పీల్ తన ప్రోగ్రాంలో రికార్డులు వెయ్యడమే కాదు, బృందాల్ని బీబీసీ స్టూడియోకి పిలిపించి కొత్తగా పాడించి, ఆ రికార్డింగు ప్రసారం చేసేవాడు. పీల్ సెషన్లు అంటారు. లండన్‌లో మెయిడా వేల్ అనే చోట స్టూడియో. పొద్దున పోతే రాత్రికల్లా నాలుగు పాటలు అయిపోవాలి. పాడినందుకు డబ్బిస్తారు. అట్లా 2004 దాకా రెండు వేల పైచిలుకు బృందాలు, నాలుగు వేలకు పైగా సెషన్లు. ఎక్స్-రే స్పెక్స్‌ని 1978లో రెండు సార్లు పిలిచారు. మొదటిసారి పిలిచేటప్పటికి వాళ్ళకు ఆల్బం లేదు. రేడియోలో ఆ గొంతు విన్న నల్ల ఆడపిల్ల దుప్పటి కింద లేచి కూర్చుంది. నాకు చెప్పిన మనిషే సాక్ష్యం.

పీల్ మహానుభావుడు అని ఇక్కడ దండ వెయ్యాలి. వెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, కొంచెం ఆగండి. ఆయనేం కూలోళ్ళ బిడ్డ కాదు. లివర్‌పూల్ దగ్గర పత్తి వ్యాపారి కొడుకు. బోర్డింగ్ ఇస్కూల్లో చదివినవాడు. కుర్రతనంలో ఆయన్నీ పత్తి వ్యాపారం నేర్చుకోమని అమెరికా పంపించారు. (పత్తి అంటే నాకు మా అమ్మ వేళ్ళు కనపడతాయి. కాయ తొక్కు గీరుకుని చిట్లిన వేళ్ళు.) ఆయన చెవి మంచిది, సందేహం లేదు. ఎవరో తెలియని ఊరి పిల్లలు పంపిన టేపులు కూడా విని పాట వేసేవాడు. కానీ నేను ఈ సెషన్ల సంగతి చదువుకుంటా పోతే తెలిసింది వేరు. ఒక మనిషి దయ మీద నాలుగు వేల సెషన్లు నడవవు.

బీబీసీలో రికార్డులు ఎన్ని గంటలు వెయ్యాలనే దానికి ఏళ్ళ తరబడి ఒక లెక్క ఉండేది. 'నీడిల్ టైమ్' అనేవాళ్ళు, అంటే రికార్డు మీద ముల్లు తిరిగే సమయం. రోజంతా రికార్డులే తిప్పితే వాయించేవాళ్ళకు పని పోతుందని అక్కడి సంగీతకారుల యూనియను పట్టుబట్టింది. రికార్డు కంపెనీలకూ వాళ్ళ లాభం వాళ్ళకుంది. అందరూ కలిసి చేసుకున్న ఒప్పందాల వల్ల, ఆ గంటలు పోను మిగతా టైము రేడియో మనుషుల్ని పిలిచి, డబ్బిచ్చి పాడించాల్సిందే. సెషన్లు ఆ సందులోంచి వచ్చాయి. ఆ నిబంధన 1988లో పోయింది. అది పెట్టినవాళ్ళు పంక్ పిల్లల కోసం పెట్టలేదు. డ్యాన్సు హాళ్ళలో కోటు వేసుకుని వాయించేవాళ్ళ కూలి కోసం పెట్టారు. వాళ్ళలో చాలామందికి ఈ పిల్ల కేక వింటే చెవులు మూసుకోవాలనిపించి ఉంటుంది. అయినా తలుపు తెరుచుకుంది. తలుపు యూనియను తెరిపించింది, ఎవర్ని లోపలికి పిలవాలో పీల్ ఎంచుకున్నాడు. మన ఉద్యమాల్లో మంచి అధికారి వస్తే చాలు అనుకునేవాళ్ళు ఎక్కువ. మంచి కలెక్టరు, మంచి వార్డెను. నేను మంచి వార్డెన్‌ని ఎరుగుదును, ఆమె బదిలీ అయిన మర్నాడు మా అన్నంలో పురుగులు వచ్చాయి. అందుకే నా మట్టుకు నాకు ముందు ఆ యూనియను కనపడుతుంది, తర్వాతే పీల్.

అక్కడ మాత్రం వడపోత లేదా అంటే ఉంది. బీబీసీలోనూ ఆడిషన్ బోర్డు ఉండేది. తర్వాత లోకమంతా పేరుపడ్డ డేవిడ్ బౌవీ 1965లో ఆ ఆడిషన్‌లో తప్పాడు. ఆ సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే నేనూ తప్పాను.

మాదీ ఒక బృందమే. పేరు లేదు. 1993లో నర్సింగ్ ట్రైనింగు హాస్టల్లో నలుగురం మాదిగ, మాల పిల్లలం చేరాం. మా పెదనాన్న కొడుకు డప్పు. కారంచేడు జరిగినప్పుడు, 1985లో, మా అన్న పిల్లోడు. అప్పుడు చీరాల శిబిరానికి పెద్దవాళ్ళ వెంట పోయి డప్పు పట్టుకున్నాడు. చావుకీ జాతరకీ కొట్టే డప్పు సభలో కొట్టడం మా అన్న అక్కడ చూశాడు. చుండూరు తర్వాత మా జిల్లాలో మీటింగు లేని నెల లేదు. ఆదివారం సెలవు పెట్టుకుని మేము పోయేవాళ్ళం. నాట్ల పాటల బాణీల్లో మా మాటలు పెట్టేవాళ్ళం. ఒక పాట పిల్లల వార్డులో రాత్రి కూర్చుని కట్టాం. మా దగ్గర మైకు లేదు, మైకున్న చోట కరెంటు ఉండదు. అందుకని గొంతులే.

1995లో ఎవరో చెప్పారు, రేడియోకి రాయండి, పాడిస్తారు, డబ్బు కూడా ఇస్తారు అని. రేడియో అంటే మాకు పంచాయితీ ఆఫీసు అరుగు మీద పెట్టె. ఆ అరుగు మేము ఎక్కకూడదు. కింద వేపచెట్టు మొదట్లో కూర్చుని వినాలి. అందులోంచి మన గొంతు వస్తే అరుగు మీద కూర్చున్నోళ్ళు వినాల్సిందే గదా అని మా అన్న అన్నాడు. ఆ ఒక్క మాటకే అందరం ఒప్పుకున్నాం.

అది ఏ ఊరి స్టేషనో చెప్పను. ఫారం ఇచ్చారు. అందులో గురువు పేరు రాయాలని ఒక గడి. నేను మా అమ్మ పేరు రాశాను. ఫారం తీసుకున్నాయన చూసి, 'తల్లి పేరు కాదమ్మా, సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావో రాయి' అన్నాడు. 'ఆమె దగ్గరే సార్' అన్నాను. ఆయన నా మొహం చూసి, ఫారం చూసి, ఆ గడి మీద గీత కొట్టాడు.

పిలుపు వచ్చిన రోజు మా అన్న తెల్లారుజామున లేచి, కొత్త చొక్కా వేసుకుని డప్పు భుజానేసుకుని వచ్చాడు. స్టేషను కాంపౌండులో చింతచెట్టు కింద ఎండాకులు పోగేసి మంట పెట్టి డప్పు కాచాడు. కాచకపోతే తోలు పలకదు. వాచ్‌మన్ వచ్చి మంట ఆర్పించాడు. తర్వాత లోపల్నుంచి ఒకాయన వచ్చి, 'అది లోపలికి వద్దు. బయట పెట్టి రండి' అన్నాడు. 'అది లేకపోతే తాళం తప్పుతుందండీ' అంటే, 'తాళానికి మావాళ్ళున్నారు' అన్నాడు. మా అన్న డప్పుతో పాటు చెట్టు కిందే ఉండిపోయాడు. ఆయన పేరు కాయితంలో ఉంది, మనిషి బయట ఉన్నాడు.

లోపల గదికి అద్దం. అద్దం అవతల ముగ్గురు కూర్చున్నారు. మాకు వాళ్ళ మొహాలు సరిగా కనపడవు, మేము వాళ్ళకు బాగా కనపడతాం. ఎర్రదీపం వెలిగింది. పాడాం. ఒక చరణం అయ్యి రెండోది ఎత్తుకుంటుంటే పైన స్పీకర్లోంచి ఒక గొంతు వచ్చింది. 'గొంతు తగ్గించి పాడండమ్మా. ఇది పొలం కాదు.' తగ్గించాం. తగ్గిస్తే ఆ పాటలో ఏమీ మిగల్లేదు. మా నలుగురిలో చిన్నది ఏడుపు ఆపుకోలేక దగ్గింది. నెల తర్వాత టైపు చేసిన ఉత్తరం వచ్చింది, మీ గానం ప్రమాణాలకు తగినట్టు లేదు అని. 'మీ గానం' అనే మాట చూసి మా అన్న, 'గానమంట!' అని చాలా రోజులు నవ్వించాడు.

ఆ మాట అన్న మనిషి చెడ్డవాడని నేను అనుకోను. ఆయన చెవి అట్లా తయారయింది. మన దేశంలో రేడియోలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియానికే నిషేధం. శాస్త్రీయ సంగీతానికి పనికిరాదని పెద్దలు తీర్మానించారు. ఊరూరా నాటకాలు ఆడే మనుషులందరికీ అదే ప్రాణం. హార్మోనియానికే దిక్కు లేనప్పుడు డప్పెంత?

1996కల్లా మేము తలోచోట ఉద్యోగాల్లో చేరిపోయాం. మాదీ మూడేళ్ళే. రికార్డు లేదు. హాస్టలు గదిలో పట్టుకున్న ఒక క్యాసెట్ ఉండేది, దాని మీద తర్వాత ఎవరో క్రిస్మస్ పాటలు ఎక్కించారు. ఒకవైపు చివర్లో అరనిమిషం డప్పు మిగిలింది.

పాలీ స్టైరీన్‌ని రేడియో కాపాడిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఎరిక్ క్లాప్టన్ స్టేజీ మీద నిలబడి వలస వచ్చినవాళ్ళను వెళ్ళగొట్టమన్నట్టు మాట్లాడినందుకు 1976లో 'రాక్ అగైనెస్ట్ రేసిజమ్' మొదలైంది. వాళ్ళు 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో పెట్టిన సభలో ఆమె పాడింది. నున్నగా గొరిగిన తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. ఎనభై వేల మంది దాకా వచ్చారంటారు. మా తోడు నర్సమ్మ వాళ్ళన్నతో కలిసి నడిచిపోయిందట. నాలుగు రోజులకు, మే 4న, తూర్పు లండన్‌లోనే అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశ్ కుర్రాణ్ణి పని నుంచి ఇంటికి పోతుంటే పొడిచి చంపారు. బట్టల కార్ఖానాలో కూలి అతను. ఆ రాత్రి కూడా రేడియోలో పాటలు వచ్చే ఉంటాయి.

ఆమె ఆరోగ్యం కూడా నిలవలేదు. ఊరూరూ తిరిగి పాడుతుండగా మనసు దెబ్బతింది. ఆస్పత్రిలో స్కిజోఫ్రెనియా అన్నారు. అది బైపోలార్ జబ్బని 1991లో గానీ తేలలేదు. ఆ మధ్యకాలంలో ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నర్సుగా నేను ఊహించగలను, రాయలేను. 2011 ఏప్రిల్ 25న రొమ్ము కేన్సరుతో చనిపోయింది. యాభైమూడేళ్ళు. కూతురు సెలెస్ట్ బెల్ తల్లి మీద 2021లో సినిమా తీసింది, ఇంకొకరితో కలిసి. తల్లి మీద కోపం దాచుకోకుండా తీసింది. అది నాకు నచ్చింది.

ఆ తర్వాత ఇంకో బృందం గురించీ విన్నాను. 1992లో లండన్‌లోనే అంజలి భాటియా అనే ఆమె వూడూ క్వీన్స్ అని మొదలుపెట్టింది. నిఖార్సయిన ఇండీ బృందం. అందులో ఉన్నవాళ్ళలో భారతీయ మూలాలున్న ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళనూ పీల్ తన ప్రోగ్రాంలో పాడించాడు. 1994లో ఒక ఆల్బం వేశారు, ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆగిపోయారు. గట్టిగా గిటార్లు వాయించే ఇండియా ఆడపిల్లల్ని చూసి అక్కడివాళ్ళు నోరు తెరిచారట. అందరూ చీరలో సితారు అనుకున్నారు కాబోలు. మన దేశమంటే బయటవాళ్ళకు తెలిసిన సంగీతం కూడా అద్దం అవతల ముగ్గురు ఏరి పంపిందే గదా.

ఇటువైపు కథ కూడా చెప్పాలి. మమ్మల్ని గొంతు తగ్గించమన్న ఆ 1995లోనే, ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ సంగతి అప్పుడు మాకు తెలిస్తే ఫారంలో రాసేవాళ్ళం. తీర్పు వచ్చినా స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని విధానం మారింది 2006లో. మెదక్ జిల్లా మాచనూరులో, ఇప్పుడది సంగారెడ్డి జిల్లా, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు 1998కే స్టూడియో కట్టుకున్నారు. యునెస్కో సాయం చేసింది. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పండగ కతలు రికార్డు చేసి పెట్టుకున్నారు. లైసెన్సు లేదు. పదేళ్ళు ఆ టేపుల్ని సంఘం మీటింగుల్లోనే వినుకున్నారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది నర్సమ్మలు, ఇద్దరిదీ అదే పేరు, ఇద్దరూ మన ఆడబిడ్డలే. అక్కడ ఫారంలో గురువు గడి ఉందో లేదో అడగాల్సిన పనిలేదు. అమ్మ పాట అమ్మ పేరు మీదే వచ్చింది. వాళ్ళు పీల్ కోసం చూడలేదు. సంఘం పెట్టుకున్నాకే రేడియో పెట్టుకున్నారు.

పోయినేడాది సెలవుకు ఇంటికి పోయినప్పుడు మా అన్నకు ఫోనులో ఎక్స్-రే స్పెక్స్ పాట పెట్టి వినిపించాను. ఆయనిప్పుడు ఆటో తోలతాడు. డప్పు ఇంట్లో గోడకు ఉంది, చావులకు పిలిస్తే పోడు, సభలకు పిలిస్తే పోతాడు. పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. వేళ్ళు ఆటో సీటు మీద ఆడుతున్నాయి.

'ఎవురి పిల్లమ్మే?' అన్నాడు.

'సోమాలియా ఆయన బిడ్డ. తల్లి తెల్లామె.'

'మా పిన్నమ్మ గొంతే గదా, అచ్చం. ఇంతగా అరిస్తే రేడియోలో ఏశారా?'

'ఏశారన్నా. వాళ్ళే పిలిచి పాడించారు. రెండు సార్లు.'

'వాయిద్యాలు?'

'అన్నీ లోపలికే తీసుకుపోయారు. డ్రమ్ములు గూడా.'

మా అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, 'ఇంకోసారి పెట్టు. ఆ డ్రమ్ములోడు యాడ దెబ్బ మారుస్తున్నాడో చూడాల' అన్నాడు.